సున్నం కోసం ఆరు రోజులు: పొందూరు నుంచి నౌపడ దాకా

నిన్న పొద్దున హైదరాబాద్‌లో దిగాను. గోళ్ళ సందుల్లో తెలుపు ఇంకా పోలేదు, కుడి అరచేతి మీద రెండు చోట్ల తోలు ఊడింది. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

డిసెంబర్ 5, గురువారం, మా ఊరు (పొందూరు దగ్గర)

తాత కట్టించిన పెంకుటిల్లు మాది. మూరెడు మందం గోడలు, లోపలా బయటా సున్నపు గచ్చు. ఆరేళ్ళ క్రితం వీధి వైపు గోడ పాతగా కనిపిస్తోందని గచ్చు చెక్కించి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. చేసిన మేస్త్రీని అనను, చేయించింది మేమే. ఇప్పుడు ఆ గోడ కింద నుంచి నడుము ఎత్తు దాకా ఉబ్బింది. వేలితో కొడితే డొల్ల శబ్దం. ఒక పెచ్చు లాగితే వెనకాల ఇటుక పొడి పొడిగా, తడిగా, తెల్లటి ఉప్పు పూసి ఉంది.

లోపల ధాన్యం గది గోడని మాత్రం డబ్బుల్లేక అప్పట్లో ముట్టుకోలేదు. అది అలాగే ఉంది. చిన్నాన్న దాని మీద గోరు గీసి చూపించాడు. "సిమెంటు ఏసినకాడే పోయింది గానీ, మీ తాత ఏయించిన గచ్చు సూడు, గోరు దిగదు."

చదివిందీ చూసిందీ కలిపితే నాకు అర్థమైంది ఇది. పాత గోడకి కింద తడిని ఆపే అడ్డు ఉండదు, నేలలో చెమ్మ పైకి పాకుతూనే ఉంటుంది. సున్నపు పూత ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. చెమ్మ లోపలే చిక్కుకుని ఇంకా పైకి ఎక్కుతుంది, దాంతో వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి ఇటుకని తినేస్తుంది. అంటే గోడకి మందు అనుకుని మేం దాని ముక్కు మూసేశాం. అందుకే ఈసారి సెలవు పెట్టి వచ్చాను, మళ్ళీ సున్నమే వేయించాలని. అసలు సున్నం ఎక్కడ దొరుకుతుందో, గచ్చు చేసే చెయ్యి ఇంకా ఎవరికైనా ఉందో నాకూ చిన్నాన్నకీ తెలీదు.

మధ్యాహ్నం పిన్ని ఆవపెట్టిన పనసపొట్టు కూర, మెత్తళ్ళ వేపుడు పెట్టింది. తిన్నాక పొందూరులో ఒక ఇంటికి వెళ్ళాం, చిన్నాన్నకి తెలిసినవాళ్ళు. అరుగు మీద ఒకావిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ సన్నటి పళ్ళ మధ్య నుంచి పత్తి లాగితే నలక మిగలదు. పొందూరు ఖాదీకి ఈ రోజుకీ మొదటి మెట్టు అదే. చూస్తూ నించుండిపోయాను. ఆ బట్టకి కొనేవాళ్ళు మిగిలారు కాబట్టి ఆ దవడా మిగిలింది. సున్నం బట్టీకి ఆ అదృష్టం పట్టలేదు.

డిసెంబర్ 6, శుక్రవారం, విజయనగరం

గంటస్తంభం దగ్గర బస్సు దిగి, పెసరట్టు ఉప్మా తిని (ఇద్దరికీ కలిపి 110 రూపాయలు, అల్లం పచ్చడి మూడుసార్లు అడిగి వేయించుకున్నాం), మార్కెట్లో సున్నం అమ్మే కొట్టు వెతుక్కున్నాం. కొట్టాయన మొదటి ప్రశ్నే నన్ను ఆపేసింది.

"సున్నమా? తాంబూలానికా, చెరువుకా, గోడకా?"

చెరువంటే రొయ్యల చెరువు. ఆయన అమ్మే బస్తాల్లో ఎక్కువ అటే పోతాయట, నీళ్ళలో పులుపు తగ్గించడానికి. తర్వాత బెల్లం వండేవాళ్ళు, చెరకు రసంలో మడ్డి విరగడానికి సున్నపు తేట వేస్తారు కదా. గోడకి కొనేవాళ్ళు సంక్రాంతి ముందు వెల్ల వేసే కొద్దిమంది, వాళ్ళు కూడా ఏడాదికేడాది తగ్గిపోతున్నారట. బస్తా ఎక్కడిదని అడిగితే పిడుగురాళ్ల అన్నాడు. రాష్ట్రంలో సున్నం అంటే పిడుగురాళ్లే, ఊరి చుట్టూ సున్నపురాయి, బట్టీలు. 25 కేజీల పొడి బస్తా 320 రూపాయలు చెప్పాడు. కొందామనుకునేలోపు ఆయనే ఆపాడు.

"గోడకి పూత వరకే అయితే తీసుకెళ్ళండి. గచ్చుకంటే ఇది పనికిరాదు. ఎన్నాళ్ళ నుంచి ఈ బస్తా గాలి తాగుతోందో నాకే తెలీదు."

బేరం పోగొట్టుకుని మరీ నిజం చెప్పిన ఆయనకి నమస్కారం. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకునే, అలా మళ్ళీ రాయి అవుతుంది. ఆ పని గోడ మీద జరగాలి. బస్తాలోనే జరిగిపోతే చేతికి మిగిలేది ఉత్త సున్నపురాయి పొడి.

అక్కడి నుంచి కోటకి నడిచాం. 1713లో పునాది పడిన రాతికోట. సిమెంటుకి ఇంగ్లండులో పేటెంటు వచ్చిందే 1824లో, మన దేశంలో తయారీ పోర్‌బందర్‌లో నిలదొక్కుకుంది 1914లో. కాబట్టి ఆ కాలం రాళ్ళ మధ్య అతుకంతా సున్నమే. జేబులో నిమ్మకాయ ఉంది, దాని కోసమే తెచ్చాను. గోడని ముట్టుకోకుండా, కింద రాలి పడున్న తెల్లటి ముక్క ఒకటి తీసి రసం పిండాను. సన్నగా బుస్‌మని నురగొచ్చింది. ఆటో దిగి చూస్తున్న కుర్రాడు "ఏటి సార్, సోడానా?" అన్నాడు. పక్కనే ఉన్న కొండరాయి ముక్క మీద పిండితే ఏమీ లేదు, రసం జారిపోయింది.

ఈ తేడాలోనే మా ప్రాంతపు సున్నం కథంతా ఉందనిపించింది. మన కొండలు సున్నపు కొండలు కావు. విజయనగరం, శ్రీకాకుళం చుట్టూ కనిపించే ఎర్రటి తుప్పురంగు కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. గార్నెట్ అనే ఎర్రటి ఖనిజపు గింజలు మెరుస్తాయి, బట్టీలో ఎంత కాల్చినా సున్నం రాదు. సున్నపురాయి కావాలంటే పడమర అనంతగిరి వైపు ఎక్కాలి. బొర్రా గుహలు ఆ రాయిని నీళ్ళు తొలిస్తే ఏర్పడినవే, ఆ గుహల్లోంచి వచ్చే గోస్తనీ నీళ్ళే కిందికి దిగి మన తాటిపూడి జలాశయంలో నిలుస్తాయి. అక్కడి నిమ్మలపాడు కాల్సైట్ (సున్నపురాతి ఖనిజం) గనుల గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1997 జూలై 11న సమతా తీర్పు అయింది. షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం గనుల లీజులు ఇవ్వకూడదని. ఆ తీర్పు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. నా గోడ కోసం ఆ కొండ మీద ఒక్క రాయి కూడా కదపనక్కర్లేదు.

మరి మైదానంలో ఇన్ని పాత ఇళ్ళకి, గుళ్ళకి సున్నం ఎక్కడి నుంచి వచ్చింది?

డిసెంబర్ 7, శనివారం, రాజాం–చీపురుపల్లి దారిలో

చిన్నాన్న బండి మీద బయల్దేరాం. దారిలో కనబడిన ప్రతివాళ్ళనీ "సున్నం బట్టీ ఎక్కడైనా ఉందా" అని అడిగాం. ఒక కుర్రాడు ఏ మాత్రం తడుముకోకుండా "ఉంది, తిన్నగా ఎల్లి చెరువుకాడ ఎడమకి" అన్నాడు. నాలుగు కిలోమీటర్లు మట్టిరోడ్డు, కోసిన వరి పనలు, ఒక చోట బండి దిగి తోసుకుంటూ వెళ్ళాం. తీరా చూస్తే ఇటుకల బట్టీ. బట్టీ అంటే ఆ వయసు పిల్లలకి ఇటుకలే. వాణ్ణి ఏమంటాం.

అక్కడి మేస్త్రీ మా మొహాలు చూసి టీ తెప్పించి, "సున్నం బట్టీ నేదు గానీ బాబూ, గానుగ రాయి కావాలంటే ఆ పక్కూర్లో ఉంది" అన్నాడు. ఆ దారి తప్పకపోతే ఆ సున్నం గానుగ మాకు దొరికేది కాదు.

చింతచెట్టు కింద గుండ్రటి కాలవ, అడ్డంగా పన్నెండు అడుగులు ఉంటుంది, రాళ్ళు పేర్చి కట్టింది. మధ్యలో ఇరుసు పాతిన గుంట. నా ఛాతీ ఎత్తు రాతిచక్రం పక్కకి ఒరిగి సగం మట్టిలో కూరుకుపోయింది, దాని మీద మేకపిల్ల పడుకుంది. చక్రం అంచు అరచేత్తో తడిమాను. అద్దంలా నున్నగా ఉంది. ఇసకతో, సున్నంతో అన్నేళ్ళు తిరిగి తిరిగి అరిగిన నునుపు అది. కాలవ అడుగున తెల్లటి పొర ఇంకా అంటుకునే ఉంది, మేకు పెట్టి గీకితే తప్ప రాలేదు.

ఊళ్ళో గచ్చు పని తెలిసిన ముసలాయన ఒక్కరే మిగిలారు. డెబ్భై ఎనిమిది అని ఆయనే చెప్పారు. మా మాటలు విని తాటాకు చాప తెచ్చి వేసి, గానుగ పక్కనే కూర్చుని చెప్పుకొచ్చారు. ఆయన చిన్నప్పుడు పొలాల్లో, చెరువు గట్ల మీద దొరికే సున్నపు గడ్డలు ఏరేవాళ్ళు. దున్నితే బయటపడే తెల్లటి గడ్డలు, రైతుకి బెడద, వీళ్ళకి సరుకు. ఆడవాళ్ళు గంపలతో మోస్తే, తుమ్మకట్టెలు ఒక వరస, గడ్డలు ఒక వరస పేర్చి కాల్చేవాళ్ళు. ఆ సున్నాన్ని గుంటలో తడిపి వారాల తరబడి ఊరబెట్టి, తర్వాత గానుగలో ఇసకతో కలిపి ఎద్దుల్ని కట్టి తిప్పేవాళ్ళు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు ఎప్పుడు చల్లాలో మేస్త్రీ చెప్పాలి. ముందు చల్లితే సాగదు, తర్వాత చల్లితే కలవదు. వెన్నలా అయిందో లేదో బొటనవేలికి రాసుకుని చూసేవారట, పలుకు తగిలితే ఇంకో వంద చుట్లు.

"మరి ఎప్పుడు ఆగిపోయింది?" అని అడిగితే, "పర్మిట్లు పోయినప్పుడు" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. చిన్నాన్న చెప్పాడు. ఒకప్పుడు సిమెంటు కంట్రోలులో ఉండేది, బస్తా కావాలంటే పర్మిట్ కోసం తిరగాలి. ప్రభుత్వం 1982లో కొంత, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తేసింది. సిమెంటు కొట్లు పల్లెలకి వచ్చేశాయి. సిమెంటు రాత్రికి రాత్రి గట్టిపడుతుంది, గానుగ వద్దు, ఎద్దులొద్దు, వారాల తరబడి ఆగక్కర్లేదు. ఏడేళ్ళలో ఈ చక్రం ఆగిపోయింది. ఎన్నో వందల ఏళ్ళ పని ఏడేళ్ళలో. ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

మా గోడ ఫోటోలు ఫోన్‌లో చూపిస్తే చాలాసేపు చూసి, "సున్నం తెచ్చుకోండి, నాను వస్తాను. బస్తా పొడి కాదు, కాల్చిన సున్నం. ఈ పక్క దొరకదు, సముద్రం పక్కకెల్లండి, గుల్లసున్నం ఇంకా కాలుస్తారు" అన్నారు. బయల్దేరబోతుంటే వాళ్ళావిడ గుమ్మంలో అడ్డంగా నించున్నారు. ఎంగిలి పడకుండా వెళ్ళడానికి వీల్లేదట. ఉడకబెట్టిన తేగలు, బెల్లం ముక్క. తేగ చీల్చి మధ్యలో ఉండే చందమామ తీసి నా చేతిలో పెట్టారు, మా నాన్నమ్మ పెట్టినట్టే.

డిసెంబర్ 8, ఆదివారం, శ్రీకాకుళం, శ్రీకూర్మం

శ్రీకాకుళంలో పాత జామియా మసీదు చూశాం. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించింది. అక్కడున్న పెద్దాయన, సున్నం గురించి అని చెప్పగానే వేరే ప్రశ్న వేయకుండా ఒక మూలకి తీసుకెళ్ళి, పాత పూత మీద రంగులు ఎన్ని పొరలు పడ్డాయో చూపించారు. ఉల్లిపాయ పొరల్లా ఉన్నాయి.

శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలకీ దండం పెట్టుకుని (స్వామి పడమర చూస్తాడు కదా), ప్రదక్షిణ మండపంలో గోడల మీద బొమ్మల దగ్గర ఆగిపోయాను. ఎర్ర, పచ్చ, నలుపు గీతలు, అన్నీ సున్నపు పూత మీదే. పూత ఊడితే బొమ్మ కూడా ఊడినట్టే. కొన్ని చోట్ల జనం పేర్లు చెక్కారు. చాలా బాధేసింది. ఒక తల్లి తన పిల్లాడి వేలు పట్టుకుని "ముట్టుకోకు, రాలిపోద్ది" అంటోంది. ఆవిడకి చెప్పలేదు గానీ మనసులో దండం పెట్టుకున్నాను.

సాయంత్రం టెక్కలి చేరి చిన్నాన్న వియ్యాలవారి ఇంట్లో పడుకున్నాం.

డిసెంబర్ 9, 10, నౌపడ వైపు, సముద్రం దగ్గర

దారిలో తేలినీలాపురం. చింతచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు, చెట్టు కింద ఆకులన్నీ రెట్టలతో తెల్లగా. చిన్నాన్న "ఇక్కడా సున్నమే" అన్నాడు. ఆ తర్వాత నౌపడ ఉప్పుమళ్ళు, కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ. మూలపేటలో కొత్త పోర్టు కడుతున్నారు, సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ వరసగా పోతున్నాయి.

ఊరి పేరు రాయను, వాళ్ళు వద్దన్నారు. ఉప్పుటేరు పక్కన ఇద్దరు, మొగుడూ పెళ్ళాలు, తాంబూలం సున్నం కోసం గుల్లలు కాలుస్తారు. మేం వెళ్ళేసరికి ఆవిడ నత్తగుల్లలు, ఆల్చిప్పలు నీళ్ళలో కడిగి ఆరబోస్తోంది. మట్టి, ఇసక పోకపోతే సున్నం నలుపు తిరుగుతుందట. బట్టీ నడుము ఎత్తు గుండ్రటి గోడ, కింద గాలికి రెండు కన్నాలు. పొద్దుగూకాక పేర్చడం మొదలుపెట్టారు. బొగ్గు, గుల్లలు, మళ్ళీ బొగ్గు. రాత్రి తొమ్మిదింటికి నిప్పు పెట్టారు. రెండింటి దాకా కూర్చున్నాం. మధ్యలో గుల్లలు ఎరుపు దాటి నారింజ రంగుకి తిరిగాయి. 900 డిగ్రీల దగ్గర అలా మండాలి, దిగితే లోపల రాయి మిగిలిపోతుంది, బాగా మించితే సున్నం చచ్చిపోయి నీళ్ళు పోసినా విచ్చుకోదు. ఆవిడ దగ్గర థర్మామీటరు లేదు, రంగు చూసి కన్నం మూస్తుంది, తెరుస్తుంది. చలికి మాకు దుప్పట్లు ఇచ్చి, అన్నం, ఎండుచేపల పులుసు పెట్టారు. డబ్బు ఇవ్వబోతే ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పొద్దున్నే తెరిచారు. గుల్ల గుల్లలాగే ఉంది, గీతలు, మెలికలు, అంచు, అన్నీ. కానీ చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. వంద కేజీల గుల్ల పెడితే యాభై ఆరు దగ్గర్లో మిగులుతుంది, తక్కినది గాలిలో కలిసిపోతుంది. గుల్లబారడం అనే మాట ఎన్నిసార్లు వాడానో, ఆ రోజు చేతిలో పట్టుకున్నాను. ఆవిడ ఒక గుల్లని పెంకు మీద పెట్టి నాలుగు చుక్కలు నీళ్ళు పోసింది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత చిన్నగా చిట్లింది, ఆవిరి లేచింది, పువ్వు విచ్చుకున్నట్టు విచ్చుకుని తెల్లటి పొడి అయి కూలిపోయింది. నేను వంగబోతే గట్టిగా అరిచింది, "కళ్ళు దగ్గరెట్టకు బాబూ!"

ఆయన ఎడమ కన్ను మసక. పాతికేళ్ళ కింద సున్నం చిందింది. ఆవిడ చేతులు కొబ్బరినూనె రాసినా పగుళ్ళే. కూతురు పలాసలో జీడిపప్పు పనికి వెళ్తోంది, ఈ పనికి రాదు, వీళ్ళు రమ్మనరు కూడా. ఈ పని బతకాలని హైదరాబాద్‌లో కూర్చుని అనుకోవడం తేలిక. ఆ కన్ను చూశాక ఆ మాట నోట్లో నుంచి రాలేదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు పంపిస్తానని చెప్పాను, నిన్న రాగానే ఆర్డర్ పెట్టాను.

అరవై కేజీలు, కేజీ 20 చొప్పున 1,200. ఆరు నూనె డబ్బాల్లో పోసి మూతలు బిగించి, ఆటో మాట్లాడుకున్నాం, పొందూరు దాకా 2,500. చిన్నాన్న బండి మీద వెనక. కోటబొమ్మాళి దగ్గర చినుకులు మొదలయ్యాయి. అప్పుడు పడిన టెన్షన్ జీవితంలో పడలేదు. కాల్చిన సున్నానికి నీళ్ళు తగిలితే అది అక్కడే ఉడుకుతుంది, డబ్బా పగలొచ్చు. ఒక టీకొట్టు చూరు కింద ఆటో పెట్టి పట్టా కప్పాం. ఒక డబ్బా పక్క చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. కొట్టాయన విషయం విని తన పొయ్యి పక్కన పొడిచోటు ఇచ్చాడు, ఆ డబ్బా ఒక్కటీ దింపి మూత తీసి, తడిసిన పైపొర గరిటెతో తీసేశాం. అరగంట ఆగాక వాన వెలిసింది.

డిసెంబర్ 11, బుధవారం, మా ఊరు

ముసలాయన పొద్దున ఏడింటికే బస్సు దిగారు, సంచిలో సొంత తాపీ. దాని చెక్కపిడి ఆయన బొటనవేలు ఆనే చోట లోతుగా అరిగి ఉంది. పెరట్లో గొయ్యి తవ్వించి, ఇటుకలు పేర్చి, ముందు నీళ్ళు పోయించి, అప్పుడు సున్నం వేయించారు. నీళ్ళలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదని రెండుసార్లు చెప్పారు. గొయ్యి కుతకుతా ఉడికింది, ఇంటి వెనకంతా ఆవిరి. పిన్ని, వీధిలో పిల్లలు దూరంగా గోడ ఎక్కి చూశారు. మధ్యాహ్నానికి పాలమీగడలా సర్దుకుంది. పైన ఒక బెత్తెడు నీళ్ళు నిలిచేలా చూసి తడి ఇసక, గోనె కప్పించారు. ఎండకూడదు, అంతే. సంక్రాంతి వెళ్ళాక వచ్చి కలుపుతానన్నారు. గానుగ లేదు కదా అంటే, రోట్లో వేసి రోకలితో దంచుతారట, కూలీలు ఇద్దరుంటే చాలన్నారు. వాళ్ళకి రోజుకి 700, తనకి 900.

ఈలోపు ఆ సిమెంటంతా చెక్కించి గోడని ఊపిరి పీల్చుకోనివ్వమన్నారు. అది ఇవాళ మొదలైంది. ఇందాక చిన్నాన్న ఫోన్ చేశాడు. వెనకాల సుత్తి చప్పుడు వినిపిస్తోంది. గొయ్యి మీద గోనె తడిగానే ఉందట, కరక్కాయలు రెండు కేజీలు పొందూరు సంతలో కొన్నాడట.